పై చదువులకు దారిబత్తెం

పాఠ్యభాగ ఉద్దేశం

డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థి స్నాతకోత్తర విద్యను గాని, పరిశోధనను గాని ఎంచుకొనే సమయంలో తన ప్రతిభతోపాటు ధనాన్ని, వసతిని గురించి కూడా ఆలోచింపవలసి ఉంటుంది. ఈ రెండింటిని ముందుగా విచారించుకొని వివేకంతో నిర్ణయం తీసుకొనే అలవాటును విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

దూరప్రయాణం చేసేవారు దారిబత్తెం మూట కట్టుకోవడం పూర్వపు ఆచారం. ఎన్ని ఆమడలు నడవాలి, ఏ సత్రంలో రాత్రి గడపాలి, మూటలోని అటుకులు ఎన్ని పూటలకు వస్తాయి అన్న లెక్క తేలిన తరువాతనే ఇల్లు కదిలేవారు. పై చదువు కూడా అటువంటి ప్రయాణమే. ఎం.ఏ., ఎం.ఎస్సీ. వంటి కోర్సులకు సాధారణంగా రెండేళ్ళు పడుతుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ప్రకటించిన నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు గడువు ఉంటుంది. ఇంత కాలం తిండికి, గూటికి, రుసుములకు ఆధారమేమిటన్న ప్రశ్నకు సమాధానం లేకుండా బయలుదేరినవారు సగం దారిలో ఆగిపోయే ప్రమాదముంది. సగంలో ఆగిన చదువుకు పట్టా రాదు. చేసిన అప్పు మాత్రం మిగులుతుంది.

నాటి చదువులు

తెలుగునాట పేద విద్యార్థులు ఒకప్పుడు వారాలు చేసుకొని చదువుకొనేవారు. ఏడు రోజులకు ఏడు ఇళ్ళు కుదుర్చుకొని, ఆదివారం ఒకరింట, సోమవారం మరొకరింట భోజనం చేసేవారు. రాత్రివేళ ఏ అరుగుమీదనో, ఏ గుడి మండపంలోనో తలదాచుకొనేవారు. ఒక ఇంటివారు ఊరికి వెళితే ఆనాటికి పస్తు తప్పేది కాదు. ఈ ఏర్పాటు దాతల ఔదార్యానికి గుర్తే అయినా, దాని ఫలం అందరికీ అందలేదు. కుల కట్టుబాట్ల కారణంగా ఇది ప్రధానంగా అగ్రవర్ణాల బాలురకే పరిమితమైంది. తక్కినవారికి, ముఖ్యంగా దళితులకు, బాలికలకు ఆ అరుగు కూడా దొరకలేదు.

ఈ లోటును తీర్చడానికి ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో వసతి గృహాలు వెలశాయి. హైదరాబాదు కొత్వాలుగా ప్రసిద్ధి చెందిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి కృషితో 1918లో రెడ్డి హాస్టలు ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొన్న సంవత్సరం కూడా అదే. సురవరం ప్రతాపరెడ్డి వంటి సాహితీవేత్త ఆ హాస్టలు నిర్వహణలో పాలుపంచుకొన్నారు. 1937లో మద్రాసులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ స్త్రీల చదువుకు అండగా నిలిచింది. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ సంక్షేమ వసతి గృహాలు అనేక కుటుంబాలలో తొలి పట్టభద్రులను తీర్చిదిద్దాయి. దాత దయగా ఉన్న భోజనం, పడక ఆ విధంగా క్రమంగా విద్యార్థి హక్కుగా మారసాగాయి.

ఒక మహనీయుని ప్రయాణం

ధనం నిశ్చయంగా లేని స్థితిలో పై చదువుకు పూనుకొన్న తెలుగువారిలో ఎల్లాప్రగడ సుబ్బారావు ముఖ్యులు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం అభ్యసించాలని సంకల్పించారు. ఆయనకు చెప్పుకోదగిన ఆస్తి లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు కొంత ధనం సమకూర్చారు. ఆ బలంతో ఆయన బోస్టన్ నగరం చేరారు. చేతిలోని పైకం చాలకపోవడంతో ఒక ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ చదువు సాగించారు. శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించారు. 1930లో పిహెచ్.డి. పట్టా పొందారు. అనంతరం ఫోలిక్ ఆమ్లం పైన, బోదవ్యాధికి వాడే ఔషధం పైన ఆయన నాయకత్వంలో జరిగిన పరిశోధనలు లోకానికి ఎంతో మేలు చేశాయి.

ఈ కథలో సాహసం ఒక్కటే చూడడం సరికాదు. బయలుదేరే ముందే ఆయన ఒక సంస్థ హామీని, కుటుంబ సహాయాన్ని కూడగట్టుకొన్నారు. అవి చాలనప్పుడు చిన్న పనికి సిగ్గుపడలేదు. అయితే ఆ చదువుకు చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు. ఆయన మరల స్వదేశానికి రాలేదు. భార్య ఇక్కడనే ఉండిపోయారు. పై చదువుకు అయ్యే ఖర్చును రూపాయలలోనే కాక, ఇంటివారు భరించే ఎడబాటులో కూడా లెక్కించవలసి ఉంటుంది.

నేటి వనరులు

నేటి విద్యార్థికి నాలుగు రకాల ఆధారాలు కనిపిస్తాయి. మొదటిది రుసుముల రాయితీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో విస్తృతరూపం దాల్చిన బోధన రుసుముల చెల్లింపు పథకం లక్షలాది పేద విద్యార్థులకు కళాశాల తలుపులు తెరిచింది. రెండవది పరీక్ష ద్వారా లభించే పరిశోధక వేతనం. జాతీయ అర్హత పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించినవారికి 2023 జనవరి నుండి అమలైన సవరణ ప్రకారం తొలి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు లభిస్తాయి. విశ్వవిద్యాలయ వసతి పొందనివారికి నగరాన్ని బట్టి ఇంటి అద్దె భత్యం కూడా ఉంటుంది. మూడవది విశ్వవిద్యాలయమే పని అప్పగించి ఇచ్చే వేతనం. విదేశాలలో బోధనలోనో, ప్రయోగశాలలోనో సహాయకులుగా పనిచేసేవారికి రుసుము మినహాయించి జీవనభృతి ఇచ్చే పద్ధతి ఉంది. ఇది పిహెచ్.డి. విద్యార్థులకు దొరికినంతగా ఎం.ఎస్. విద్యార్థులకు దొరకదు. నాలుగవది బ్యాంకు రుణం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం, ఎంపిక చేసిన విద్యాసంస్థలలో ప్రతిభతో సీటు పొందినవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణం పొందే వీలు కల్పించింది.

ఈ నాలుగింటిలో ఏదీ పూర్తిగా నిశ్చలమైనది కాదు. ప్రభుత్వం చెల్లింపవలసిన రుసుములు ఆలస్యమైతే ధ్రువపత్రాల కోసం విద్యార్థి కళాశాల చుట్టూ తిరుగవలసి వస్తుంది. బకాయిల కోసం తెలంగాణలోని ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు 2025లో బంద్ పాటించాయి. అదే సంవత్సరం అమెరికాలో సమాఖ్య ప్రభుత్వం పరిశోధన నిధులలో కోత విధించగా, కొన్ని విశ్వవిద్యాలయాలు పిహెచ్.డి. ప్రవేశాలను తగ్గించాయి. ఇచ్చిన ప్రవేశాలను ఉపసంహరించుకొన్న సందర్భాలు కూడా ఉన్నాయి. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఇక్కడ గుర్తుంచుకోదగినది.

అందువల్ల విద్యార్థి ఐదు ప్రశ్నలకు లిఖితపూర్వకంగా సమాధానం రాబట్టుకోవాలి. డబ్బు ఎవరు ఇస్తారు? ఎంత ఇస్తారు? ఎంతకాలం ఇస్తారు? ఏ షరతుపై ఇస్తారు? మొదటి వాయిదా ఎప్పుడు చేతికి వస్తుంది? చివరి ప్రశ్నను చాలామంది మరచిపోతారు. వేతనం మంజూరైనా అది ఖాతాలో పడడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఆ నెలల భోజనానికి, అద్దెకు సరిపడే పైకం ముందే దగ్గర ఉంచుకోవడం ఉత్తమం. అమెరికా విశ్వవిద్యాలయాలలో అనేకం, ధన సహాయంతో కూడిన ప్రవేశానికి ఏప్రిల్ 15 లోపల సమాధానం ఇమ్మని విద్యార్థిని ఒత్తిడి చేయరాదన్న ఒడంబడికను అంగీకరించాయి. ఈ సంగతి తెలిసిన విద్యార్థి తొందరపడి ఒకచోట మాట ఇచ్చి, తరువాత విచారించవలసిన అవసరం ఉండదు.

వసతి

సీటు దొరికిన విద్యార్థికి గది దొరకడం మరొక పరీక్ష. విశ్వవిద్యాలయ వసతి గృహాలు అన్నింటికంటె చౌక. నెలలో అయిన మొత్తం వంట ఖర్చును తిన్నవారందరికి పంచే పద్ధతి పలు మెస్సులలో ఉంది. కాని గదులు తక్కువ, విద్యార్థులు ఎక్కువ. గది కేటాయింపు కానివారు స్నేహితుల గదులలో సర్దుకొని ఉండడం విశ్వవిద్యాలయాలలో పరిపాటి. అటువంటివారిని నాన్ బోర్డర్లు అంటారు. ఇద్దరికి కట్టిన గదిలో నలుగురు ఉన్నప్పుడు చదువు, నిద్ర రెండూ దెబ్బతింటాయి. కనుక ప్రవేశ సమయంలోనే వసతి గృహానికి దరఖాస్తు చేయడం, కేటాయింపు నియమాలను తెలుసుకోవడం అవసరం.

ప్రైవేటు హాస్టలును గాని, అద్దె గదిని గాని ఆశ్రయించేవారు అద్దెను మాత్రమే చూడరాదు. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసినప్పుడు అందులో ఎంత తిరిగి వస్తుంది, కరెంటు బిల్లు ఎవరిది, నీరు ఏ వేళ వస్తుంది, తరగతికి వెళ్ళడానికి బస్సు ఖర్చెంత అన్నవి కూడా విచారించాలి. మంటలు రేగితే బయటపడే దారి ఉన్నదో లేదో చూడాలి. అమ్మాయిల విషయంలో గ్రంథాలయం మూసే వేళకు, హాస్టలు తలుపు మూసే వేళకు పొత్తు కుదరడం ముఖ్యం. ప్రయోగశాల రాత్రి ఎనిమిదింటి వరకు పనిచేస్తే, ఏడింటికే తలుపు మూసే హాస్టలు ఆమె పరిశోధనకు ఆటంకమే. విదేశాలలో నలుగురు కలిసి ఒక ఇంటికి ఒప్పందం రాసుకొంటే, ఒకరు మధ్యలో వెళ్ళిపోయినా తక్కినవారు పూర్తి అద్దె చెల్లింపవలసి రావచ్చు. ఇల్లు చూడకుండా, యజమాని ఎవరో తెలియకుండా ముందుగా డబ్బు పంపడం ఎక్కడైనా ప్రమాదకరమే.

నిర్ణయం

ఒక చేనేత కుటుంబంలోని అమ్మాయికి రెండు చోట్ల ఎం.ఎస్సీ. సీటు వచ్చిందనుకొందాం. మొదటిది మహానగరంలోని ప్రైవేటు సంస్థ. అక్కడ ప్రయోగశాల మేలైనది. రుసుము, గది అద్దె కలిపి 4 లక్షల రుణం కావాలి. రెండవది సొంత ప్రాంతపు ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అక్కడ వసతి గృహం ఉంది. మొత్తం లక్ష రూపాయలతో చదువు పూర్తవుతుంది. 4 లక్షలపై నూటికి ఏటా 10 రూపాయల సాధారణ వడ్డీ అనుకొంటే, రెండేళ్ళ చదువు, ఒక ఏడాది విరామం ముగిసేసరికి వడ్డీయే 1,20,000 రూపాయలవుతుంది. తొలి వాయిదా కట్టే నాటికి అప్పు 5,20,000 రూపాయలకు చేరుతుంది. మేలైన ప్రయోగశాల అంత విలువ చేస్తుందా అన్నది ఆమె తేల్చుకోవలసిన ప్రశ్న. ఆ సంస్థలో చదివినవారు ఏయే ఉద్యోగాలలో ఉన్నారో, ఎందరు పరిశోధక వేతనం సాధించారో విచారిస్తే సమాధానం దొరుకుతుంది. అప్పు భయంతో మంచి అవకాశాన్ని వదలడం ఎంత తప్పో, పేరు మోజులో మగ్గాన్ని తాకట్టు పెట్టడం కూడా అంతే తప్పు.

మూడవ మార్గం ఒకటి ఉంది. ఒక ఏడాది ఉద్యోగం చేసి, కొంత కూడబెట్టి, మళ్ళీ ప్రవేశ పరీక్ష రాయడం ఓటమి కాదు. అయితే అమ్మాయిల జీవితంలో ఆ ఏడాది పెళ్ళి ప్రయత్నాలకు దారితీసి, చదువు శాశ్వతంగా ఆగిపోయే సందర్భాలు లేకపోలేదు. ఆగడం మేలా, సాగడం మేలా అన్నది లెక్కలతోపాటు ఇంటి పరిస్థితులను బట్టి కూడా నిర్ణయమవుతుంది. ఆ నిర్ణయంలో తల్లిదండ్రులతోపాటు ఆమె మాటకు ప్రధాన స్థానం ఉండాలి.

విద్యార్థి ఎంత ముందుచూపుతో లెక్కలు వేసినా, సకాలంలో అందని ఉపకార వేతనాన్ని, కట్టని వసతి గృహాన్ని అతడొక్కడే సృష్టించుకోలేడు. ఆ బాధ్యత ప్రభుత్వానిది, విశ్వవిద్యాలయానిది, సమాజానిది. దారిబత్తెం కట్టుకోవడం బాటసారి పని. బాటపక్కన సత్రం నిలపడం ఊరి పని.

కఠిన పదాలకు అర్థాలు

దారిబత్తెం : ప్రయాణంలో తినడానికి తీసుకొని వెళ్ళే ఆహారం
ఆమడ : దూరాన్ని తెలిపే పూర్వపు కొలత
పస్తు : భోజనం లేకుండా ఉండడం
ఔదార్యం : దానగుణం
కొత్వాలు : నగర రక్షక శాఖాధికారి
భాస్వరం : ఒక రసాయన మూలకం
జీవనభృతి : బ్రతకడానికి ఇచ్చే వేతనం
పరిపాటి : అలవాటు

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులకు మించకుండా సమాధానాలు రాయండి.
1. పై చదువుకు లభించే ఆధారాలను వివరించి, వాటిలోని అనిశ్చితిని తెలపండి.
2. వసతిని ఎంచుకొనేటప్పుడు విద్యార్థి విచారింపవలసిన విషయాలేవి?

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. వారాలు చేసుకొని చదవడమంటే ఏమిటి? అందులోని లోపమేది?
2. ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితం నుండి విద్యార్థి గ్రహింపవలసినదేమి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. రెడ్డి హాస్టలు ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. నాన్ బోర్డర్లు అని ఎవరిని అంటారు?
3. విద్యార్థి మరచిపోయే చివరి ప్రశ్న ఏది?