చరిత్ర తెలియని వాహనం: సంరక్షణ క్రమం

వాడిన కారు కొనే మధ్యతరగతి గృహస్థునికి తాళంచెవి దొరికినంత సులభంగా దాని సర్వీసు పుస్తకం దొరకదు. దొరికినా కొన్నేళ్ల పుటలు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని ఎట్లా చదవాలి? ‘వ్రాయలేదు గనుక చేయలేదు’ అని భావించడమే క్షేమకరం.

అన్నింటినీ ఒకేసారి మార్చడం అందరికీ సాధ్యం కాదు. కనుక ప్రాణాపాయం కలిగించేవి మొదట, ఇంజనును పాడుచేసేవి తరువాత, సౌఖ్యానికి సంబంధించినవి చివర చూడాలి.

బ్రేకు ద్రవం తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. సింహాచలం కొండ దిగుతూ పదేపదే బ్రేకు వేసినప్పుడు అందులో ఆవిరి పుడితే పెడలు లోపలికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకొకసారి దానిని మార్చడం సాధారణ నియమం. మధురవాడ సముద్రతీరానికి చేరువ. ఉప్పుగాలికి బ్రేకు గొట్టాలు తుప్పుపట్టవచ్చు. బండిని పైకెత్తి పరీక్షించాలి.

టైరు తన వయస్సు తానే చెబుతుంది. ప్రక్కన 2319 అని ఉంటే, అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

ఇక ఇంజను. నూనె, వడపోత వెంటనే మార్చాలి. మారుతి 800 వంటి బండ్లలోని రబ్బరు టైమింగ్ బెల్టు ముందుగా చెప్పకుండానే తెగవచ్చు; చరిత్ర తెలియనప్పుడు దానినీ మార్చడమే మేలు.

ఆనాడే కొత్త పుస్తకం తెరచి తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగం వ్రాయాలి. రేపు ఆ బండి ఎక్కే మరొకరి బిడ్డల క్షేమం ఆ పుటలలోనే ఉంటుంది.