కాసు బ్రహ్మానందరెడ్డి

పల్నాడు అనగానే పూర్వము మెట్టపైరులు, జొన్నకూడు జ్ఞప్తికి వచ్చెడివి. శ్రీనాథుని పేర వ్యాప్తిలోనున్న చాటువులు సైతము ఈ సీమ జొన్నకూటిని పరిహసించినవే. కృష్ణానది చెంతనే పారుచున్నను ఆ నీరు పొలముల కెక్కెడిది కాదు. అట్టి సీమలో, నరసరావుపేట సమీపమున, 1909 జూలై 28వ తేదీన కాసు బ్రహ్మానందరెడ్డిగారు జన్మించిరి.

ఆయన మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చదివి, తిరువనంతపురమున న్యాయశాస్త్రము నభ్యసించిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభావమున జాతీయోద్యమమున ప్రవేశించి, 1946లో మద్రాసు శాసనసభ్యులైరి. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో మంత్రిగా పనిచేసిరి. కర్నూలు బస్సు మార్గముల వ్యాజ్యములో సుప్రీంకోర్టు వ్యాఖ్యల కారణమున నీలం సంజీవరెడ్డిగారు రాజీనామా చేయగా, 1964 ఫిబ్రవరి 29న ఈయన ముఖ్యమంత్రి యైరి. అంతవరకు ఈ రాష్ట్రమును ఏడున్నరేండ్లు ఎడతెగక పాలించినవారు లేరు.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిరి. బ్రహ్మానందరెడ్డిగారి పాలనాకాలమున, 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువకు జవహర్ కాలువ యని పేరు. తరతరములుగా ఆకాశమువంక చూచిన పల్నాటి రైతు నాటినుండి కాలువవంక చూడసాగెను. మాచర్ల పరిసరములలోని మెరకపొలములు కొన్ని మాత్రము ఎండియే యుండెను. తెలుగును అధికారభాషగా చేసిన 1966 నాటి చట్టమును, కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములు సమకూర్చుటకై 1968లో వెలసిన తెలుగు అకాడమియు ఆయన కాలమునాటివే.

అయినను ఆ పదవి పూలపాన్పు కాదు. విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారము కావలెనని 1966లో శాసనసభ ఏకగ్రీవముగా తీర్మానించెను. ప్రభుత్వము కోరినదియు ప్రజలు కోరినదియు ఒక్కటే. అట్లుండియు ఆ నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులకు పలువురు బలియైరి. 1969లో, ఉద్యోగములందును నిధులందును ఇచ్చిన హామీలు చెల్లలేదని తెలంగాణ విద్యార్థులు ఉద్యమించిరి. అప్పుడును తుపాకులు ప్రేలినవి, యువకులు మరణించిరి. ఆ ఆవేదనలోని న్యాయమును ప్రభుత్వము సకాలమున గుర్తింపలేదనక తప్పదు. 1971 సెప్టెంబరులో ఆయన పదవిని వీడగా పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రి యైరి.

తరువాత ఆయన కేంద్ర హోంమంత్రి యైరి. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించిరి. విచిత్రమేమనగా, హోంమంత్రికి ఆ సంగతి ఆనాటి రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మటనే తెలిసెను. 1977లో కాంగ్రెసు అధ్యక్షులై, మరుసటి యేట ఆ పక్షము చీలినపుడు ఇందిరాగాంధీకి ఎదుట నిలిచిరి. 1988 నుండి 1990 వరకు మహారాష్ట్ర గవర్నరుగా నుండిరి. 1994 మే 20న మరణించిరి. హైదరాబాదు జూబిలీహిల్సులోని జాతీయవనము ఆయన పేరు వహించియున్నది.