వెతకడంలో వేగం తగ్గకుండా కరెంట్ ఆదా: క్యామ్ మెమరీ ఎలా పనిచేస్తుంది?

ఫోన్ కొనేముందు ర్యామ్ ఎన్ని జీబీలో అందరం చూస్తాం. క్యామ్ గురించి మాత్రం స్పెసిఫికేషన్లలో ఎక్కడా కనిపించదు. పూర్తి పేరు కంటెంట్ అడ్రసబుల్ మెమరీ. ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను దారి మళ్లించే పెద్ద రూటర్లలోనూ, చాలా ప్రాసెసర్లలో అడ్రస్‌లను మార్చే టీఎల్‌బీలోనూ ఉండేది ఇదే.

ర్యామ్‌కీ దీనికీ తేడా ఏంటి?

హాస్టల్‌నే తీసుకోండి. రూమ్ నంబర్ చెబితే అందులో ఎవరున్నారో చెప్పేది ర్యామ్. పేరు చెబితే ఏ రూమో చెప్పేది క్యామ్. అది ఒక్కో తలుపూ తట్టదు, అన్ని గదులనూ ఒకేసారి అడుగుతుంది. అందుకే సాధారణంగా ఒక్క క్లాక్ సైకిల్‌లోనే జవాబు వచ్చేస్తుంది.

మరి కరెంట్ ఎక్కడ పోతోంది?

క్యామ్‌లో ప్రతి వరసకూ ‘మ్యాచ్ లైన్’ అనే తీగ ఉంటుంది. ఎక్కువగా వాడే నార్ రకంలో, వెతికే ముందు ఈ తీగలన్నింటినీ ఛార్జ్ చేస్తారు. ఒక్క బిట్ కలవకపోయినా ఆ వరస ఛార్జ్ గ్రౌండ్‌లోకి పోతుంది. అంటే 1,024 వరసల్లో ఒక్కటే కలిస్తే, మిగతా 1,023 ‘నేను కాదు’ అని చెప్పడానికే కరెంట్ ఖర్చు చేస్తాయి. తర్వాతి సెర్చ్‌కి వాటన్నింటినీ మళ్లీ నింపాలి!

తగ్గించే దారులు

1. ముందు కొన్ని బిట్లే పోల్చడం: మొదట 3 బిట్లు చూసి, అవి కలిసిన వరసల్లోనే మిగతా భాగాన్ని ఛార్జ్ చేస్తారు. డేటా కలగాపులగంగా ఉంటే ఎనిమిదో వంతు, అంటే సుమారు 128 వరసలే రెండో దశకు వెళ్తాయి.

2. ఒకట్ల లెక్క: ప్రతి వరసలో ఎన్ని ‘1’లు ఉన్నాయో ముందే లెక్కపెట్టి దాచుకుంటారు. వెతికే పదంలో తొమ్మిది ఉంటే, తొమ్మిది ఉన్న వరసలనే పూర్తిగా పోలుస్తారు.

3. వోల్టేజీ తగ్గించడం: పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి వోల్టేజీ సగం చేస్తే, ఛార్జింగ్‌కి పట్టే పవర్ నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ సిగ్నల్ చిన్నదయ్యే కొద్దీ నాయిస్ వల్ల తప్పు జవాబు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే

మొదటి పద్ధతి కాగితం మీద అదిరిపోతుంది. కానీ హాస్టల్ మొత్తం ఈసీఈ వాళ్లే ఉంటే ‘ఈసీఈ వాళ్లు ఎవరు?’ అని అడిగి లాభమేంటి? ఒకే యాప్ వాడే అడ్రస్‌లలో పై బిట్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. వాటిని ముందు పోలిస్తే దాదాపు అన్ని వరసలూ రెండో దశకు వెళ్లిపోతాయి, ఆదా ఏమీ మిగలదు. రూటర్లలో వాడే టీక్యామ్‌లో ‘0 అయినా 1 అయినా పర్లేదు’ అనే మూడో విలువ కూడా ఉంటుంది. అది దేనితోనైనా కలుస్తుంది కాబట్టి వడపోత మరింత బలహీనపడుతుంది, ఒకట్ల లెక్క కూడా నేరుగా పనికిరాదు.

కాబట్టి ప్రాజెక్ట్ కోసం క్యామ్ డిజైన్ చేస్తున్నారా? సిమ్యులేషన్‌లో ర్యాండమ్ డేటా ఒక్కటే ఇచ్చి సంబరపడొద్దు. అసలు డేటా కూడా ఇచ్చి, ఏ బిట్లు ఎక్కువగా మారుతున్నాయో చూసి, వాటినే ముందు పోల్చండి.