మూడు ప్రతుల సూత్రము

తాళపత్ర గ్రంథము జీర్ణము కాకమునుపే దానికి మఱియొక ప్రతి వ్రాసియుంచుట మన పూర్వుల ఆచారము. పందొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌను దొర పండితులకు, లేఖకులకు జీతములిచ్చి తెలుగు కావ్యములకు ప్రతులు వ్రాయించెను. ఆయన సేకరించిన వ్రాతప్రతులు చెన్నపట్టణమునందలి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నేటికిని కలవు. తాటియాకు స్థానమును నేడు కంప్యూటరు ఆక్రమించినది. ప్రతి తీయు ఆచారమును మాత్రము మనము మఱచితిమి.

ఈ పాఠమును మేము నష్టపడి నేర్చుకొంటిమి. మన కుటుంబములలోని వృద్ధస్త్రీలు పాడిన పెండ్లిపాటలను, లాలిపాటలను ఆఱు సంవత్సరములు సేకరించి మా ఇంటి కంప్యూటరులో దాచియుంటిమి. వేఱొక హార్డ్ డిస్కున ప్రతియు తీసియుంటిమి. కాని రెండును ఒకే బల్లపై నుండెను. 2015 డిసెంబరులో చెన్నపట్టణమున వఱదలు వచ్చినపుడు రెండును ఒక్క రాత్రిలోనే నీట మునిగినవి. పాడినవారిలో పలువురు అప్పటికే గతించిరి. హోసూరులోని మా మేనకోడలు ముచ్చటపడి పెన్ డ్రైవులో తీసికొనిపోయిన పదునొకండు పాటలు మాత్రమే మిగిలినవి.

కావున విద్యార్థులు ఈ సూత్రమును కంఠస్థము చేయవలెను: ప్రతులు మూడు, సాధనములు రెండు, పరస్థలమున ఒకటి.

మొదటి ప్రతి కంప్యూటరులోనిదే. రెండవది బయటి హార్డ్ డిస్కులో నుండవలెను. విండోసులోని ఫైల్ హిస్టరీ, ఆపిల్ కంప్యూటరులలోని టైమ్ మెషీన్ అను ఏర్పాటులను ఒకసారి సిద్ధపఱచినచో, డిస్కు తగిలించినపుడు క్రొత్త ఫైళ్లను అవియే ఎత్తి వ్రాయును. మనకు ముఖ్యమైన ఫోల్డరు ఆ జాబితాలో చేరినదో లేదో తప్పక చూచుకొనవలెను. పని ముగిసిన పిదప డిస్కును ఊడదీయవలెను. ఏలయన, 2017 మే నెలలో దేశదేశముల వ్యాపించిన వాన్నాక్రై వంటి దుష్ట ప్రోగ్రాములు, తగిలించియున్న డిస్కులలోని ఫైళ్లను సైతము తెఱువరాకుండ బంధించి ధనమడుగును.

మూడవ ప్రతి వేఱొక యూర నుండవలెను. ఇంకొక డిస్కును బంధువుల యింట నుంచి, పండుగలకు పోయినపుడెల్ల క్రొత్త ప్రతితో మార్చుకొనవచ్చును. అన్యులు చదువకుండ దానికి పాస్‌వర్డు పెట్టి, ఆ పాస్‌వర్డును ఇంట వేఱుగా వ్రాసియుంచవలెను. ఇంటర్నెట్ సౌకర్యము కలవారు క్లౌడులో దాచుకొనవచ్చును. కాని ఇచట చెఱిపిన ఫైలు అచటను చెఱిగిపోవు ఏర్పాటు 'సింక్' అనబడును, దానినే నమ్ముకొనరాదు. పాత ప్రతులను కొంతకాలము నిలిపియుంచు సదుపాయమున్నదో లేదో విచారించి చేరవలెను.

తుదకు పరీక్ష. మాసమున కొకసారి ప్రతినుండి ఒక ఫైలును వెలికితీసి తెఱచి చూడవలెను. తెఱచి చూడని ప్రతి ఉన్నదని చెప్పుటకు వీలులేదు.

ఆ పదునొకండు పాటలకును మేమిపుడు మూడేసి ప్రతులు ఉంచితిమి. పోయినవానిని తిరిగి పాడువారు లేరు. మీ ఇండ్లలో అవ్వలు ఇంకను పాడుచున్నారు. వారి పాటలను నేడే రికార్డు చేయుడు. ఈ ఆదివారము లోపలనే రెండవ ప్రతి తీయుడు. సెలవులకు ఊరు పోవునపుడు మూడవ ప్రతిని వెంట తీసికొనిపొండు.