చెరువు అంచు పచ్చికకు విశ్రాంతి



కర్నూలు, కడప సీమలో వేసవి మేత దొరకు చోట్లు కొద్ది. 1369 నాటి శాసనముగల పోరుమామిళ్ల చెరువు వంటి పెద్ద చెరువు గాని, ఊరి కుంట గాని, నీరు తీసినకొలది లోతట్టు అంచున పచ్చిక లేచును. మందలన్నియు అక్కడికే చేరును.

ఆ గడ్డి వేళ్లతో పొత్తుగా మైకోరైజా అను శిలీంధ్రము బ్రతుకును. వెంట్రుకకన్న సన్నని దాని పోగులు వేళ్లకందని చోటినుండి భాస్వరము తెచ్చి గడ్డికిచ్చును. గడ్డి, గాలినుండి పట్టిన కర్బనములో కొంత దానికిచ్చును. ఈ పోగులే మట్టిరేణువులను కూర్చి, జీవాంశమును కాపాడును. గడ్డిని మొదలంట మేపినచో వేళ్లు కుదించుకొనును, శిలీంధ్రమునకు తిండి తగ్గును. తడినేల గిట్టలక్రింద గట్టిపడును.

కొండలమీదను, చలిదేశములందును గల పీట్ నేలలు ప్రపంచ భూభాగములో 3 శాతమే అయినను, నేలలలోని కర్బనములో సుమారు మూడవవంతు దాచుకొన్నవి. ఎల్లప్పుడు నీరు నిలుచుటచే అచట ఆకు అలము త్వరగా కుళ్లదు. మన చెరువులు ఏటేట ఎండునవి, అంత ఆశింపరాదు.

అంచును మూడు భాగములు చేసి, ఏడాదికొక భాగమును గింజ రాలువరకు వదలుడు. పిమ్మట జానెడు మోడు విడిచి కోసి పశువులకు వేయవచ్చును. దున్నరాదు, పోగులు తెగును. గొర్రెలవారితో ముందే మాటాడుడు. వారికి వేరుచోట మేత చూపని కట్టుబాటు నెలకూడ నిలువదు.

ఎండిన మట్టిపెళ్లను నీటిలో వేసి చూడుడు. విశ్రాంతి పొందిన నేలలోని పెళ్ల చాలసేపు విడదు. తొక్కుడుపడినది త్వరగా కరగును. కర్బనము పెరుగుటకు ఏండ్లు పట్టును గనుక, మేత ఆపుటకు ముందే మట్టి నమూనా తీసి భూసార పరీక్షకు పంపి, మూడేండ్లకొకసారి అదే చోట మరల తీయుడు.