ప్రశ్నలు – జవాబులు: “మా ఇంట్ల కళ గిళ ఏం లేదు”

ప్రశ్న: డిజిటల్ బొమ్మలు మొదలుపెడదామని ఉంది సార్. 40 వేల దాకా పెట్టగలను. ఏ ట్యాబ్ కొనమంటారు? – అచ్చంపేట నుంచి ఒక ఉద్యోగి

జవాబు: ఇప్పుడేమీ కొనకండి. చేతిలో ఉన్న ఫోన్లో ఐబిస్ పెయింట్ వేసుకోండి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే క్రిటా వేసుకోండి. రెండింటికీ పైసా కట్టనక్కర్లేదు. ఆరు నెలలు ఆపకుండా గీశాక కూడా ట్యాబ్ కావాలనిపిస్తే అప్పుడు మళ్లీ రాయండి. చాలామంది రాయరు.

ప్రశ్న: నేను గద్వాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. ఫోన్ల వేలితోనే బొమ్మలేస్త. నాకెవరూ నేర్పలేదు, యూట్యూబ్ చూసి సొంతంగ నేర్చుకున్న. ఇన్‌స్టాల పెడితే అందరూ “నీ ప్రాసెస్ ఏంది, ఇన్‌స్పిరేషన్ ఏడికెళ్లి వస్తది” అని అడుగుతున్నరు. చెప్పనీకె ఏం లేదు. అమ్మానాయన మగ్గం నేస్తరు, మా ఇంట్ల కళ గిళ ఏం లేదు. పింటరెస్ట్ చూస్త, నచ్చింది కొంచెం మార్చి వేస్త. వాళ్లకు ఏమని చెప్పాలె? – గద్వాల నుంచి ఒక విద్యార్థిని

జవాబు: నీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది బిడ్డా. మగ్గం నేసే ఇంట్లో కళ లేదని రాశావు. ఈ మాట నువ్వొక్కదానివే అనడం లేదు. కుమ్మరింటి పిల్లలూ, మేరింటి పిల్లలూ ఇదే రాస్తుంటారు. ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తేనే కళ అని బళ్లో ఎవరో చెప్పి ఉంటారు, అది తలలో అట్లాగే ఉండిపోయింది.

మీ నాయన నేసే చీర ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. రెండు రకాల దారం, రెండిటి బిగువూ వేరు. ఒంటి పేక ఒక నాడెలో, రెండు అంచుల పేకలు చెరొక నాడెలో నడుస్తాయి. ఒళ్లూ అంచూ కలిసేచోట పేకకు పేక మెలివేసి ముందుకు పోవాలి. ఆ మెలిక ఒక్క వరుసలో తప్పినా చీర విప్పినప్పుడు అక్కడ సందు కనిపిస్తుంది. నువ్వు ఫోన్లో రెండు లేయర్లు పెట్టి, ఒకదాని రంగు ఇంకోదాంట్లోకి పోకుండా తంటాలు పడతావు చూడు, మీ ఇంట్లో ఆ పని దారంతో జరుగుతోంది.

సరే, ఆ అంచు మీదికి నెమలి ఎట్లా వచ్చిందో ఎప్పుడైనా అడిగావా? ముందు గ్రాఫు కాగితం మీద గీస్తారు. గడి గడికీ దారం లేవాలా వద్దా అని తేలుస్తారు. ఆ లెక్క ప్రకారం అట్టలకు చిల్లులు పొడిచి జకార్డుకు ఎక్కిస్తారు. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. ఫ్రాన్సులోని లియాన్ ఊరి జకార్డ్ 1804లో ఈ యంత్రాన్ని తెచ్చాడు, ఆయన పేరే దానికి పడింది. ఆ చిల్లుల అట్టల ఆలోచననే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ 1830లలో తన లెక్కల యంత్రం కోసం తీసుకున్నాడు. కంప్యూటర్ చరిత్ర చెప్పేవాళ్లు ఆ మగ్గాన్ని తలచుకోకుండా ముందుకు పోరు. నీ ఫోనుకు ముత్తాత మీ గుంట మగ్గం మీద వేలాడుతున్నాడన్నమాట. నువ్వేమో ప్రేరణ కోసం పింటరెస్ట్ దాకా పోతున్నావు.

ఇంకో సంగతి. జకార్డుకు హుక్కులు ఎన్నుంటే అన్ని గడుల్లోనే ఆ నెమలి ఇమడాలి. మెడ వంపును మెట్లు మెట్లుగానే గీయాలి, దూరం నుంచి చూస్తే మాత్రం వంపులాగే ఉండాలి. అందుకే ఏ ఈక ఉంచాలో ఏది తీసెయ్యాలో ఎవరో కూర్చుని ఆలోచించారు. నువ్వు పంపిన బొమ్మల్లో నాకు ఆ ఆలోచనే కనబడలేదు. ఒక ఆడపిల్ల మొహం, వెనక నిండు చంద్రుడు, చుట్టూ పూలు, పూల మీద సీతాకోకచిలుకలు, వాటి మీద మెరుపులు, కింద ఇంగ్లీషులో ఒక సూక్తి. చెయ్యి బాగా తిరిగింది, అది ఒప్పుకుంటాను. కానీ ఏదీ వదిలేయడానికి నీకు మనసొప్పలేదు.

ఈ వారం ఒక పని చెయ్యి. మీ నాయనను పాత గ్రాఫు ఒకటి అడుగు. ఇప్పుడు డిజైన్లు కంప్యూటర్లో గీయిస్తున్నారు గానీ, పాత కాగితాలు ఏ ట్రంకు పెట్టెలోనో దొరుకుతాయి. కోటకొమ్మ అంచయితే మరీ మంచిది. ఫోన్లో 40 గడుల పొడవు, 40 గడుల వెడల్పు కాన్వాసు పెట్టి దాన్ని గడి గడికీ నింపు. రంగులు ఇవాళ మగ్గం మీద ఉన్నవే వాడు, ఇంకోటి ముట్టుకోకు. అది అయ్యాక, మీ అమ్మ కండెలు చుడుతుంటే ఎదురుగా కూర్చుని గీయి. ఫొటో తీసుకుని తర్వాత గీస్తానంటే కుదరదు.

ప్రాసెస్ అని అడిగేవాళ్లకు చెప్పాల్సింది పెద్దదేం కాదు. గోరంత బొమ్మలు నాలుగైదు ముందు గీసుకో, ఏది ఎక్కడుండాలో అంత చిన్నగా ఉన్నప్పుడే తెలిసిపోతుంది. రంగు వేయకముందు నలుపు తెలుపుల్లో చూడు. అక్కడ మొహం విడిగా తేలకపోతే ఎన్ని రంగులు పోసినా తేలదు. కాన్వాసును అద్దంలో చూసినట్టు తిప్పి చూస్తే వంకర పోయిన కళ్లు వెంటనే దొరికిపోతాయి. రాత్రి వేసినదాన్ని పొద్దున ఒకసారి చూడకుండా ఎవరికీ చూపకు.

ఇక “నాకెవరూ నేర్పలేదు” అన్నావే, అది గొప్పగా చెప్పుకునే మాటైపోయింది ఈ మధ్య. యూట్యూబులో నేర్పింది మనుషులే కదా, వాళ్లకు పేర్లున్నాయి కదా? బీపుల్ పేరుతో బొమ్మలు వేసే మైక్ వింకెల్‌మన్ చదివింది కంప్యూటర్ సైన్సు. 2007 మే 1న మొదలుపెట్టి రోజుకొక బొమ్మ వేస్తూ పోయాడు. మొదటి 5000 రోజుల బొమ్మలను కలిపి చేసింది 2021 మార్చిలో క్రిస్టీస్ వేలంలో 6 కోట్ల 90 లక్షల డాలర్లు దాటింది. రోజుకొకటి వేయాలన్న ఆలోచన తన బుర్రలో పుట్టింది కాదనీ, టామ్ జడ్ అనే చిత్రకారుణ్ణి చూసి మొదలుపెట్టాననీ ఆ మనిషే చెప్పుకున్నాడు. అన్ని కోట్లు వచ్చాక కూడా ఆ పేరు చెబితే ఆయనకు పోయిందేమీ లేదు. మన తోట వైకుంఠం హైదరాబాదులో చదివారు, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. ఇంత చదివీ చివరికి గీసింది కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో తాను చూసిన ఆడవాళ్లనే. వాళ్లమ్మ, ఊళ్లో నాటకాలకు ఆడవేషం కట్టిన మగవాళ్లు, వీళ్ల నుంచే తన బొమ్మలు వచ్చాయని దాచుకోకుండా చెప్పారు.

కాబట్టి ఒక నోటుబుక్కు పెట్టుకో. ఏ బొమ్మలో ఏది ఎవరి దగ్గర తీసుకున్నావో అందులో రాయి. నేర్చుకోవడానికి ఎవరి బొమ్మనైనా ఉన్నదున్నట్టు దించు, తప్పులేదు, కింద వాళ్ల పేరు పెట్టు. “కొంచెం మార్చి” నీ పేరు పెట్టుకోవడం మాత్రం ఇవాళ్టితో మానెయ్యి. నోటుబుక్కులో మొదటి పేరు మీ నాయనది రాయి. ఇన్‌స్పిరేషన్ ఏందని అడిగినవాళ్లకు ఆ పేజీ ఫొటో తీసి పెట్టు.

ప్రశ్న: నాగర్‌కర్నూల్‌ల ఫ్లెక్సీ షాపుల పనిచేస్త అన్నా. ఫోటోషాప్ షాపులనే నేర్చుకున్న. పొద్దంత పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెళ్లి ఫ్లెక్సీలు. నన్ను నేను ఆర్టిస్ట్ అని చెప్పుకోవచ్చా?

జవాబు: చెప్పుకో తమ్ముడూ. ఎం.ఎఫ్. హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి పొట్ట పోసుకున్నవాడే. నీ బాధ నాకు అర్థమైంది. ఒక ఫ్లెక్సీ మీద నలభై మొహాలు పెట్టమంటారు, ఏ లీడర్ మొహం ఎవరికన్నా అంగుళం చిన్నదైనా షాపు ముందు పంచాయితీ అవుతుంది. అక్కడ నువ్వు చేయగలిగింది తక్కువ. నీ ఇష్టానికి వదిలేసేది ఒక్కటే, అక్షరం. ఆ పాత అను ఫాంట్లను పక్కనపెట్టి యూనికోడ్‌కు రా. రామభద్ర, మండలి, ధూర్జటి, సూరన్న అన్నీ ఉచితంగా దొరుకుతాయి. మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద కూడా ఒక ఫాంటు ఉంది, సురవరం అని. పాత వెర్షన్ ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే సెట్టింగుల్లో టైప్ దగ్గరికి పోయి వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టి, షాపు మూసి మళ్లీ తెరిచినట్టు ఆ ఫోటోషాప్‌ను ఒకసారి మూసి తెరువు. అక్షరం తిన్నగా ఉన్న ఫ్లెక్సీ ఊళ్లో ఒక్కటున్నా జనం ఆ షాపు ఏదని అడుగుతారు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మానేసి బొమ్మలేసుకుంటానంటున్నాడు. కోపంతో ఫోన్ గుంజుకున్నాను. మీరైనా గట్టిగా చెప్పండి. – వనపర్తి నుంచి ఒక తండ్రి

జవాబు: అబ్బాయికి: హైదరాబాదు మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అక్కడ పెయింటింగ్, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ చెబుతారు. ఇంటర్ పాసై ప్రవేశ పరీక్ష రాయందే సీటు రాదు. తండ్రికి: ఫోన్ తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: ఒక బొమ్మకు నాకు నాలుగు రోజులు పడుతుంది. ఏఐ నాలుగు క్షణాల్లో వేసి పడేస్తుంది. ఇంకా ఎందుకు గీయాలి? – కొల్లాపూర్

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఇదే గోడు. ముందు ఒక మాట ఒప్పుకుందాం: పెళ్లికార్డు మీద మామూలు గణపతి, కేకు మీద మామూలు పాప, ఈ రకం పనులు తగ్గుతాయి. వేగంలో దానితో పోటీపడి ప్రయోజనం లేదు.

కానీ ఒకసారి దాన్ని పన్నెండు మెట్ల కిన్నెర గీయమని అడిగి చూడు. మీ జిల్లాదే, లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య వాయించేది, ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది కూడా దానికే. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు. ఏఐ గీసినదానిలో మెట్లు లెక్కపెట్టు, బుర్రలు ఎక్కడ తగిలించిందో చూడు. లోకంలో ఎక్కువమంది ఫొటో తీసి పెట్టినదే దానికి బాగా వస్తుంది. కిన్నెరకు అన్ని ఫొటోలు ఎక్కడివి? నల్లమల అంచున, సోమశిల ఒడ్డున నీకు కళ్లెదురుగా ఉన్నవాటిలో సగం దాని చెవిన పడనివే.

దానిమీద నాకున్న అసలు కోపం వేరే. ఎవరెవరి బొమ్మలు మింగి నేర్చుకుందో ఒక్క పేరు చెప్పదు. గద్వాల అమ్మాయికి పైన రాసింది దానికీ వర్తిస్తుంది.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యాను. ఫోన్లో గీద్దామంటే చేయి వణుకుతోంది. ఈ వయసులో అవసరమా అని ఇంట్లో నవ్వుతున్నారు. – వనపర్తి

జవాబు: ఇంగ్లండు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఐఫోన్ మీద గీయడం మొదలుపెట్టేసరికి ఆయనకు 70 దాటాయి మాస్టారూ. ఐబిస్ పెయింట్‌లో స్టెబిలైజర్ అని ఒకటుంటుంది, దాన్ని పెంచండి, వణుకు గీతలోకి రాదు. కావాలని కొంత వణుకు ఉంచినా బాగానే ఉంటుంది.

ప్రశ్న: చుట్టాలంతా మొహం గీసిపెట్టమంటారు, డబ్బుల మాట ఎత్తరు. ఎట్లా చెప్పాలి?

జవాబు: సగం ముందు తీసుకుని మొదలుపెట్టండి, చుట్టరికాలు వాటంతటవే సర్దుకుంటాయి. ఒక జాగ్రత్త: డబ్బిచ్చి గీయించుకున్న చిత్రం మీద, వేరే ఒప్పందం లేకపోతే, మన చట్టం ప్రకారం మొదటి హక్కు గీయించుకున్నవాళ్లదే. హక్కు మీ దగ్గరే ఉండాలనుకుంటే ముందే రెండు ముక్కలు రాయించుకోండి.

ప్రశ్న: అలంపురం గుడి బొమ్మ వేసి ఆన్‌లైన్‌ల పెట్టిన. ఒకాయన అడగకుండ శివరాత్రి ఫ్లెక్సీ మీద వేసుకున్నడు, నా పేరు కూడ చెరిపిండు. కేసు పెట్టొచ్చా? – అయిజ

జవాబు: పెట్టొచ్చు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణమే హక్కు నీది, రిజిస్టర్ చేయించకపోయినా సరే. నువ్వు బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. లేయర్లు విడివిడిగా ఉన్న అసలు ఫైలు నీ దగ్గర ఉంది కదా, అదే సాక్ష్యం, చెరిపెయ్యకు. అయితే కోర్టు దాకా పోకముందు నేరుగా మాట్లాడు, ఫ్లెక్సీ వేయించినాయనకు అది తప్పని తెలియకపోయి ఉండొచ్చు.

బొమ్మ నేనూ చూశాను. స్వర్గబ్రహ్మ గుడి శిఖరం మీద పొద్దుటి ఎండ పడిన తీరు బాగా పట్టావు. కాకపోతే ఆ కోణం నేల మీద నిలబడితే కనిపించేది కాదు, ఎవరో డ్రోన్‌తో తీసిన ఫొటోలోది. ఫ్లెక్సీ ఆయనకు ఫోన్ చేసేముందు, ఆ ఫొటో తీసినవాళ్లకు ఒక మెసేజ్ పెట్టు.