తెల్ల కాగితం మీద వేలిముద్ర

అన్న కోతమిల్లులో పని చేస్తాడు. వయసు 30 ఏళ్లు. జీతం నెలకు 10,000 రూపాయలు. ఒకరోజు దుంగ తోస్తుంటే రంపం తగిలింది. కుడిచేతి బొటనవేలు మొదలంటా తెగిపోయింది.

యజమాని ఆసుపత్రికి తీసుకుపోయాడు. కట్టు కట్టించాడు. మర్నాడు 5,000 రూపాయలు చేతిలో పెట్టాడు. ఒక తెల్ల కాగితం ముందు పెట్టి, "ఎడమచేతి వేలిముద్ర వెయ్యి. ఇంతటితో లెక్క సరి" అన్నాడు. అన్న వేశాడు.

ఇంటికొచ్చాక వదిన, "వేలిముద్ర వేశావు గదయ్యా, ఇంకేం అడుగుతాం?" అని ఏడ్చింది.

అడగవచ్చు. "నాకు పరిహారం వద్దు" అని కార్మికుడు రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టంలోనే ఈ మాట ఉంది. ఆ చట్టాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. 2025 నవంబరు 21 నుంచి కోడ్ అమలైంది. చట్టం పేరు మారింది, హక్కు మారలేదు.

"నీ అజాగ్రత్త వల్లే తెగింది" అని యజమాని అనవచ్చు. తాగి పని చేస్తేనో, రంపానికున్న కాపును కావాలని తీసేస్తేనో చిక్కు వస్తుంది. మామూలు పొరపాటుకు పరిహారం పోదు. మేస్త్రీ కింద పని చేసినా సరే, అసలు యజమానిని అడగవచ్చు.

మరి ఎంత వస్తుంది? పలక తీసుకోండి, లెక్క చేద్దాం.

జీతం 10,000. అందులో నూటికి 60 వంతున 6,000. 30 ఏళ్ల వయసుకు చట్టంలో రాసిన అంకె 207.98. (40 ఏళ్లకైతే 184.17. వయసు పెరిగితే అంకె తగ్గుతుంది.) 6,000ను 207.98తో గుణిస్తే 12,47,880. ఇది పూర్తిగా పనికి పనికిరాకుండా పోయినవాడి లెక్క. బొటనవేలు పోతే నూటికి 30 వంతుల నష్టం అని చట్టం చెబుతుంది. అంటే 3,74,364 రూపాయలు.

ఆ 5,000 పక్కన ఈ అంకె రాసి చూడండి.

ఆసుపత్రి ఖర్చు కూడా యజమానిదే, అది వేరు. పరిహారం సొమ్మును అప్పులవాళ్లు జప్తు చేయలేరు.

జీతంలో ఇ.ఎస్.ఐ. కోత ఉన్నవాళ్లు మాత్రం ఇ.ఎస్.ఐ. ఆఫీసులోనే అడగాలి. మిగతావాళ్లు లేబరాఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. ప్రమాదం జరిగిన రెండేళ్ల లోపే ఇవ్వాలి. దెబ్బ తగిలిన సంగతి యజమానికి వెంటనే కాగితం మీద రాసిచ్చి, నకలు దాచుకోండి.

"వకీలుకు డబ్బులెక్కడివి?" అంది వదిన. డబ్బులక్కర్లేదు. కోర్టు ఆవరణలో న్యాయ సేవా సంస్థ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయం ఎంతని చూడకుండా వకీలును పెడతారు. ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. "కేసు నేను గెలిపిస్తా, సగం నాకివ్వు" అనేవాళ్లు కోర్టు గేటు దగ్గరే నిలబడి ఉంటారు. వాళ్లను దాటుకొని లోపలికి వెళ్లండి.

అసలు కష్టం జీతం రుజువు చేయడంలో ఉంది. చిన్న మిల్లుల్లో జీతం చీటీ ఎవరిస్తారు? అందుకే హాజరు పుస్తకం, అడ్వాన్సు రాసిన చిట్టా, బ్యాంకు పాసుబుక్కు, ఏది ఉంటే అది తీసుకుపోండి. పక్కన పని చేసినవాళ్ల పేర్లు రాసి ఉంచండి. ఆసుపత్రి చీటీలు, వయసు తెలిపే కాగితం కూడా కావాలి.

అన్నకు కుడిచేత్తో కలం పట్టడం రాదిప్పుడు. వదిన రాత్రిబడిలో చదువుకుంది. యజమానికి ఉత్తరం ఆమే రాసింది:

"అయ్యా, మీ మిల్లులో ..... తేదీన ..... గంటలకు పని చేస్తుండగా రంపం తగిలి నా భర్త కుడిచేతి బొటనవేలు తెగిపోయినది. నష్టపరిహారం ఇప్పించగలరు."

రాయండి:
1. పై ఉత్తరంలో ఖాళీలు నింపి, మీ నోటుబుక్కులో తిరిగి రాయండి.
2. అన్న జీతం 12,000 అయితే పరిహారం ఎంత వస్తుంది?